బడి పెట్టింది తండ్రి లేని పిల్లల కోసమట

వాట్సాప్‌లో ఏడాదికి రెండుసార్లయినా తిరిగొచ్చే మెసేజ్ ఒకటుంది. యూదులకి అంత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చింది అని మొదలవుతుంది. కడుపుతో ఉన్నప్పట్నుంచే తల్లి రోజూ లెక్కలు చేస్తుందట, బాదంపప్పు తింటుందట, పియానో వింటుందట, అందుకే పుట్టినవాళ్లందరికీ నోబెల్ బహుమతులట. చివర్లో మనమూ మన పిల్లల్ని ఇలాగే పెంచుకుందాం అని దండం పెట్టే బొమ్మ. మొన్న మళ్లీ వచ్చింది, పొన్నూరు నుంచి మా పెదనాన్నగారబ్బాయి పంపాడు. నేను న్యూజెర్సీలో పధ్నాలుగేళ్లుగా ఓ యూదుల ఇంటి పక్కనే ఉంటున్నాను. టౌన్‌హౌస్, రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. ఆ ఇంటావిడ రెండుసార్లు కడుపుతో ఉండగా చూశాను. లెక్కల మాట దేవుడెరుగు, ట్యాక్స్ కాగితాలు కూడా మొగుడి మీద పడేసి సోఫాలో నిద్రపోయేది.

"అన్నయ్యా, ఇదంతా ఉత్తిదే" అని పెట్టాను. "అయితే అసలు సంగతేంటో నువ్వే చెప్పు, పక్కింట్లోనే ఉన్నావుగా" అన్నాడు. రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి ఈ పోస్టు. ముందే చెబుతున్నాను, ఇది యూదుల తెలివి గురించి కాదు. పిల్లలకి మతం నేర్పడానికి బడి పెట్టి, ఆ బళ్లో పిల్లల్ని దింపేసి, మన పని అయిపోయిందనుకోవడం గురించి. వాళ్ల గురించి ఎంత రాస్తున్నానో నా గురించీ అంతే రాస్తున్నాను.

గోడ అవతలి పాట

పక్కింటబ్బాయీ మావాడూ ఒకటే క్లాసు. పోయిన ఏప్రిల్ ఆఖర్లో ఆ అబ్బాయి బార్ మిత్స్వా అయింది. 13 ఏళ్లు నిండిన పిల్లాడు సినగాగ్ అనే వాళ్ల ప్రార్థనామందిరంలో తోరాలోంచి, అంటే బైబిల్లో మొదటి అయిదు పుస్తకాల్లోంచి, కొంత భాగం చదివి, ఇకనుంచి తన మంచిచెడ్డలకి తనే బాధ్యుడని అనిపించుకోవడం. అంతకు ముందు ఏడాదంతా మాకు గోడలోంచి ఆ పాట వినిపిస్తూనే ఉంది. ఒకే పదం పది సార్లు, పన్నెండు సార్లు, మధ్యలో ఏదో విసిరిన చప్పుడు, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ మొదట్నుంచి. చివరికి మా ఆవిడ కూరలు తరుగుతూ ఆ రాగమే తీసేది, అర్థం తెలీకుండా.

అంత కష్టం ఎందుకో అక్కడికి వెళ్లాకే తెలిసింది. తోరా చుట్ట చేత్తో రాసింది, అందులో హల్లులే ఉంటాయి, అచ్చులకి గుర్తులుండవు. గుణింతాలు లేని తెలుగు ఊహించుకోండి. 'కమల' అని ఉంటే అది కమలో, కోమలో, కామాలో మీరే తేల్చుకోవాలి. అదీ రాగంతో, ఆ రాగం గుర్తులు కూడా పైన వేసి ఉండవు. చుట్టని చేత్తో ముట్టుకోరు, చివర్న చిన్న చెయ్యి, చూపుడువేలు ఉన్న వెండి పుల్ల ఒకటి పట్టుకుని అక్షరం వెంట అక్షరం నడిపిస్తారు. ఆ అబ్బాయి పుల్ల వణుకుతోంది. మూడో వాక్యంలో ఆగిపోయాడు. పక్కన నిలబడ్డ పెద్దాయన గట్టిగా చెప్పలేదు, పెదాలు మాత్రం కదిపాడు. అందుకుని ముందుకెళ్లాడు. అయిపోగానే జనం లేచి వాడి మీదికి చాక్లెట్లు విసరడం, చిన్నపిల్లలందరూ ఏరుకోవడానికి వేదిక మీదికి ఎగబడటం, అదో పెళ్లి సందడి.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది తర్వాత వాడు చేసిన ప్రసంగం. ఆ వారం వాడి వంతుకి వచ్చింది ఆ అయిదు పుస్తకాల్లో ఒకటైన లేవీయకాండంలో చర్మవ్యాధుల భాగం, 13, 14 అధ్యాయాలు. ఆ భాగం వస్తే పిల్లలందరూ ఏడుస్తారట, మచ్చలూ బూజూ గురించి ఏం మాట్లాడాలని. వ్యాధి ఉందని యాజకుడు, అంటే పూజారి, తేల్చాక ఆ మనిషి బట్టలు చింపుకుని, అపవిత్రుణ్ణి, అపవిత్రుణ్ణి అని తనే కేకలు పెట్టుకుంటూ పాళెం వెలుపల ఒంటరిగా ఉండాలి. ఊరి బయట ఉండటం అంటే ఏమిటో పొన్నూరు పక్కన పుట్టినవాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు, నేను కుర్చీలో కొంచెం ముందుకి జరిగాను. ఆ కేకలు ఎందుకంటే, విన్నవాళ్లు అతని కోసం ప్రార్థన చేస్తారని, పాతకాలం పండితుల చర్చలన్నీ కూర్చిన తల్మూద్‌లో పెద్దలు చెప్పారట. వాడు అది చెప్పి, కాయితం తిప్పి, "నాకీ సమాధానం నచ్చలేదు" అన్నాడు. ప్రార్థించాలని ఉన్నవాళ్లు వెళ్లి అడగొచ్చుగా, జబ్బున్నవాడి చేతే ఎందుకు అరిపించడం అని. తర్వాతి అధ్యాయంలో యాజకుడే పాళెం దాటి బయటికి వెళ్లి అతన్ని చూస్తాడు, తనకి నచ్చింది ఆ ముక్క ఒక్కటే అని ముగించాడు. వాళ్ల మతగురువు, రబ్బీ, నవ్వుతున్నారు. మావాడు నా చెవిలో, "మన టెంపుల్లో మైక్ పట్టుకుని ఇలా అంటే ఊరుకుంటారా నాన్నా?" అన్నాడు. నేను ష్ అన్నాను.

అంతకు ముందు ఇంకోటి జరిగింది, అది కూడా చెప్పాలి. చుట్టని పెట్టెలోంచి తీసి తరం నుంచి తరానికి అందిస్తారు. తాతగారు ఎత్తుకుని కూతురికిచ్చారు, కూతురు కొడుక్కిచ్చింది. అబ్బాయి నాన్న కేథలిక్ కుటుంబంలో పుట్టినవాడు. ఆయన ఆ వరసలోనే, భార్య పక్కనే నిలబడ్డాడు, కానీ చుట్ట ఆయన చేతుల్లోకి వెళ్లలేదు. ఆ రెండు నిమిషాలూ చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. ఏడేళ్లపాటు బుధవారం సాయంత్రం ఒకసారి, ఆదివారం పొద్దున ఒకసారి పిల్లల్ని హీబ్రూ స్కూలుకి, అంటే మామూలు బడి కాకుండా మతం నేర్పే బడికి, కార్లో తిప్పింది ఆయనే.

పంతులు కోప్పడితే లేచిపోయే పదహారేళ్లవాడు

వేడుక అయ్యాక భోజనాల దగ్గర అబ్బాయి వాళ్లమ్మని అభినందిస్తే, పెద్దగా నిట్టూర్చి, "సెప్టెంబరు నుంచి క్లాసులకి రానని నిన్ననే చెప్పేశాడు. నేనూ అంతే, ఆ వయసులో మానేసినదాన్నే, ఏ మొహంతో వద్దనను" అంది. ఇది వాళ్లింటి సంగతొక్కటే కాదు. అమెరికాలో హీబ్రూ స్కూళ్లు నడిపేవాళ్లకి ఇది పాత తలనొప్పి, బార్ మిత్స్వా అంటే చాలామందికి మొదలు కాదు, టీసీ. 19వ శతాబ్దంలో జర్మనీలో సంస్కరణవాదులు ఇదంతా చూసే కాబోలు, 13 ఏళ్లకి పిల్లాడికేం తెలుస్తుందని, ఇంకాస్త పెద్దయ్యాక కన్ఫర్మేషన్ అని వేరే వేడుక పెట్టారు. ఇప్పుడు రెండూ ఉన్నాయి, పదహారేళ్ల వేడుక దాకా నిలిచేది కొంతమందే.

తాతగారు మాత్రం ఏం కంగారు పడలేదు. ప్లేటులో చేపముక్క అటూ ఇటూ తిప్పుతూ, "బడి అనేది మేం పెట్టింది తండ్రి లేని పిల్లల కోసం, తెలుసా మీకు?" అన్నారు నాతో. ఇంటికొచ్చి వెతికాను. సెఫారియా అనే సైటులో తల్మూద్ మొత్తం అనువాదంతో ఊరికే దొరుకుతుంది. అందులో బావా బత్రా అనే భాగం, 21వ పత్రం. యెహోషువ బెన్ గమ్లా అనే ప్రధాన యాజకుణ్ణి తలుచుకుని దీవిస్తూ మొదలవుతుంది, ఆయనే లేకపోతే ఇశ్రాయేలులో తోరాని మరిచిపోయేవారని. క్రీస్తుశకం మొదటి శతాబ్దం, యెరూషలేము ఆలయం కూలడానికి కొద్ది ఏళ్ల ముందటి మనిషి.

కథ ఇలా నడుస్తుంది. మొదట్లో తండ్రి ఉన్నవాడికి తండ్రే నేర్పేవాడు, తండ్రి లేనివాడికి చదువు లేదు. అందుకని యెరూషలేములో పంతుళ్లని పెట్టారు. అప్పుడూ అంతే, తండ్రి ఉన్నవాణ్ణి తండ్రి తీసుకెళ్లి చేర్పించేవాడు, లేనివాణ్ణి తీసుకెళ్లేదెవరు? సరే, జిల్లాకో బడి పెట్టి పదహారు, పదిహేడేళ్ల కుర్రాళ్లని చేర్చుకున్నారు. పంతులు కోప్పడగానే వాడు ఎదురు తిరిగి లేచి వెళ్లిపోయేవాడట. ఇక్కడ పైకే నవ్వాను, రెండువేల ఏళ్ల కిందటి టీనేజరు కూడా టీనేజరే. చివరికి బెన్ గమ్లా వచ్చి ప్రతి ఊళ్లో పంతులు ఉండాలి, ఆరేడేళ్లకే పిల్లల్ని చేర్చాలి అని ఏర్పాటు చేశాడు.

ఆ పత్రం అక్కడితో ఆగదు. పాతికమంది పిల్లలకి ఒక పంతులు, నలభైమంది అయితే సాయానికి ఇంకొకరు, యాభై అయితే ఇద్దరు పంతుళ్లు. మా వీధి బళ్లో అరవైమందికి ఒక్క మాస్టారు, ఒక బెత్తం. ఇక్కడ కొట్టాల్సి వస్తే చెప్పు తాడుతో తప్ప కొట్టొద్దు అని ఉంది. చదివేవాడు చదువుతాడు, చదవనివాడు పక్కవాడికి తోడుగా ఉంటాడు, వాణ్ణి గెంటేయొద్దు అన్న అర్థంలో ఇంకో మాట. అదే నోటితో, ఆరేళ్లు వచ్చాక ఎద్దుకి మేత కుక్కినట్టు కుక్కు అని కూడా ఉందిలెండి. వాళ్ల పుస్తకాల్లో నాకు నచ్చేది ఇదే, మంచిమాట పక్కనే మోటుమాట కూడా అలాగే ఉంచేస్తారు, చెరిపెయ్యరు.

పార్కింగ్ లాట్

ఇదంతా చదివిన తర్వాతి ఆదివారం, మావాణ్ణి బాలవిహార్‌లో, అంటే మన పిల్లలకి శ్లోకాలు నేర్పే ఆదివారం బళ్లో, దింపి కార్లో కూర్చున్నాను. అయిదేళ్లుగా అంతే. గంటన్నర క్లాసు, ఆ గంటన్నరలో కాస్ట్‌కో అనే పెద్ద కొట్లో సరుకుల పని అయిపోతుంది, లేకపోతే ఫోను. ఆవేళ ఎందుకో తలెత్తి చూస్తే వరసగా పద్దెనిమిది కార్లు, ప్రతి కార్లోనూ ఒక తండ్రో తల్లో, ముఖం మీద ఫోను వెలుగు. పక్కింటాయన బుధవారాలు ఇలాగే కూర్చుంటాడు, ఇక్కడికి నాలుగు మైళ్ల దూరంలో ఇంకో పార్కింగ్ లాట్లో.

నాకు తట్టింది ఇది. బెన్ గమ్లా బడి పెట్టింది తండ్రి లేని పిల్లల కోసం అయితే, మేమందరం బతికుండగానే, ఆరోగ్యంగా ఉండి, ఏసీ వేసుకుని కార్లో కూర్చునే, మా పిల్లల్ని ఆ లెక్కలో చేర్చేశాం. తోరాలోనే ద్వితీయోపదేశకాండంలో ఆజ్ఞ ఇచ్చింది పంతులికి కాదు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు నీ పిల్లలకి చెప్పు అని తండ్రికి చెప్పింది. వారానికి నాలుగు గంటల హీబ్రూ స్కూలు ఆ మిగతా గంటలన్నిటి బదులు పనిచేయదు. పిల్లలు వెర్రివాళ్లు కాదు. అమ్మానాన్నా ఎన్నడూ తెరవని పుస్తకాన్ని తనని మాత్రం చదవమంటున్నారంటే అది మందులాంటిదని, కోర్సు అయిపోగానే ఆపేయొచ్చని వాళ్లకి అర్థమైపోతుంది. 13 ఏళ్లకి కోర్సు పూర్తవుతుంది. ఇందులో వాళ్ల తప్పేముంది?

అలా అని పక్కింటావిడతో అంటే ఒప్పుకోలేదు. "నేను హీబ్రూ స్కూల్లో ఏం నేర్చుకోలేదు, మా అమ్మానాన్నా ఏం నేర్పలేదు. నేర్చుకున్నదంతా సమ్మర్ క్యాంపులో" అంది. యూదుల క్యాంపులకి పెద్ద చరిత్రే ఉంది, ఒక్క రామా క్యాంపులే 1947లో విస్కాన్సిన్‌లో మొదలై దేశమంతా పాకాయి. ఎనిమిది వేసవులు వెళ్లిందట. శుక్రవారం సాయంత్రం తెల్లబట్టలు వేసుకుని చెరువు గట్టున పాడటం, అన్నం తిన్నాక బల్లలు బాదుతూ కృతజ్ఞతా ప్రార్థన పాడటం, పిల్లల్ని చూసుకునే ఇరవై ఏళ్ల కౌన్సిలర్ అమ్మాయి రాత్రిపూట టార్చిలైటు వెలుగులో తనకోసం తను ఏదో చదువుకుంటూ కూర్చోవడం. "ఆ అమ్మాయిలా అవ్వాలనిపించేది" అంది.

చాలాసేపు ఏం చెప్పాలో తోచలేదు. తల్లిదండ్రులు మూడొందల మైళ్ల దూరంలో ఉన్న చోటే ఆవిడకి పట్టింది, అంటే నా వాదానికి గండి పడినట్టే. మళ్లీ ఆలోచిస్తే, పడింది గానీ పూర్తిగా కాదు. ఆ కౌన్సిలర్ చేస్తున్నది పిల్లల కోసం కాదు, తన కోసం. పిల్లలు చూశారంతే. కాబట్టి నేను తండ్రి అన్న చోట, తనకోసం తాను చేసుకుంటూ పిల్లల కంటపడే పెద్దమనిషి అని దిద్దుకుంటున్నాను. తండ్రే అయితే మంచిది, కాకపోతే ఎవరో ఒకరు.

కేథలిక్ తండ్రి విషయం దీనికన్నా ఇరకాటం. ప్యూ అనే అమెరికా పరిశోధన సంస్థ 2020 సర్వేలో, 2010 తర్వాత పెళ్లయిన అమెరికన్ యూదుల్లో 61 శాతం మంది యూదులు కానివాళ్లని చేసుకున్నారని తేలింది. అంటే జేబుల్లో చేతులు పెట్టుకున్న తండ్రులూ తల్లులూ లక్షల్లో ఉన్నారు. వాళ్లని నువ్వే నేర్పు అంటే ఏం నేర్పుతారు? రోజంతా నడిచే యూదు డే స్కూళ్లు ఉన్నాయి, ఏడాదికి పాతికవేల డాలర్లు దాటే ఫీజులు చాలా చోట్ల. అందరివల్లా అయ్యేది కాదు. ఈ ఇంటికి ఆ ఆదివారం బడే గతి, దాన్ని తీసిపారేయడానికి నాకు నోరు రాదు. 1838లో ఫిలడెల్ఫియాలో రెబెకా గ్రాట్జ్ హీబ్రూ సండే స్కూలు మొదలుపెట్టినప్పుడూ కారణం ఇలాంటిదే, ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లలు.

మా ఆవిడ వేసిన ప్రశ్న

ఇదంతా ఉత్సాహంగా మా ఆవిడకి చెబుతుంటే, గిన్నెలు సర్దుతూనే, "తండ్రి నేర్పేవాడు, తండ్రి నేర్పేవాడు అంటున్నావు, కూతుళ్లకి ఎవరు నేర్పారో ఆ పత్రంలో ఉందా?" అంది. లేదు. ఉన్న చోట ఇంకా ఇబ్బంది. తల్మూద్‌కి మూలమైన మిష్నాలో సోటా అనే భాగంలో బెన్ అజ్జయ్ అనే ఆయన తండ్రి కూతురికి తోరా నేర్పి తీరాలి అంటే, రబ్బీ ఎలియెజెర్ అలా నేర్పితే విచ్చలవిడితనం నేర్పినట్టే అంటాడు. చాలా శతాబ్దాలు గెలిచింది ఎలియెజెర్ మాటే.

మారిందెలా అంటే, 1917లో క్రాకోలో సారా షెనిరెర్ అనే బట్టలు కుట్టే ఆవిడ ఆడపిల్లలకి ఓ చిన్న బడి పెట్టింది. అప్పటికి అబ్బాయిలు హెడెర్ అనే చిన్నపిల్లల మతబళ్లో, యెషివా అనే పెద్ద మతపాఠశాలలో మునిగి ఉంటే, అమ్మాయిలు పోలిష్ స్కూళ్లకి వెళ్లి పోలిష్ నవలలు చదువుకుని, ఇంట్లోవాళ్ల మతం అంటే చిన్నచూపు చూసే స్థితి. బెయిస్ యాకోవ్ అనే ఆ బళ్లు ఇరవై ఏళ్లు తిరక్కుండానే వందల్లోకి పెరిగాయి. ఒప్పుకున్న రబ్బీల్లో అందరికన్నా గౌరవం ఉన్నవాడు హఫెత్స్ హాయిమ్ అని పేరుపడ్డ పెద్దాయన. ఆయన చెప్పిన కారణం చూడండి: ఇదివరకు ఆడపిల్లలు ఇంట్లో పెద్దల్ని చూసి నేర్చుకునేవాళ్లు, ఇప్పుడు ఆ ఇల్లు బలహీనపడింది, కాబట్టి పుస్తకంతో నేర్పక తప్పదు. మళ్లీ అదే. ఇల్లు చేయలేనప్పుడు బడి. అమెరికాలో ఇంకో దారిలో వచ్చింది, 1922 మార్చి 18న న్యూయార్క్‌లో రబ్బీ మొర్దెకాయ్ కాప్లాన్ తన పన్నెండేళ్ల కూతురు జూడిత్‌ని సినగాగ్‌లో నిలబెట్టి చదివించాడు, తోరా చుట్టలోంచి కాదు, తన అచ్చు పుస్తకంలోంచే. ఆడపిల్లల బార్ మిత్స్వా, అంటే బాత్ మిత్స్వా, అక్కడ అలా మొదలైంది.

మా ఆవిడ అంతా విని, "అయితే బడి లేకపోతే ఆడపిల్లల గతి అంతేగా, ఇంక బళ్లని ఎందుకు తిడతావు" అంది. తిట్టడం లేదన్నాను. నమ్మినట్టు లేదు.

లేక్‌వుడ్ దాకా వెళ్తే

నా వాదాన్ని దాని చివరిదాకా లాగితే ఎక్కడ తేలుతుందో చూడాలంటే మా ఇంటినుంచి గంట దూరం వెళ్తే చాలు. 1943లో రబ్బీ అహరోన్ కోట్లెర్ పెట్టిన యెషివా చుట్టూ లేక్‌వుడ్ అనే ఊరు ఊరే పెరిగింది. అక్కడ పార్కింగ్ లాట్ తండ్రులు ఉండరు. తండ్రి తెల్లారి లేచి చదువుకుంటాడు, రాత్రి చదువుకుంటాడు, ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని గట్టిగా వాదించుకుంటూ చదువుకుంటారు, పిల్లాడు పుట్టినప్పట్నుంచీ చూసేది అదే. నా కొలతలో అయితే వందకి వంద మార్కులు. పిల్లలు ఆ దారి వదలడం కూడా పక్కింటి లాంటి ఇళ్లతో పోలిస్తే చాలా తక్కువ.

కానీ న్యూయార్క్‌లో హసిదీలు అనే ఇంకో సంప్రదాయ శాఖవాళ్ల మగపిల్లల యెషివాలు కొన్నింటిలో 13 ఏళ్లు దాటాక ఇంగ్లిషూ లెక్కలూ దాదాపు ఉండవు. ఇజ్రాయెల్లో కరడుగట్టిన సంప్రదాయవాదుల అబ్బాయిలకి ఆ వయసు యెషివాల్లో చాలాచోట్ల అసలే ఉండవు. చిత్రమేమిటంటే వాళ్ల ఆడపిల్లలకి ఉంటాయి, తల్మూద్ వాళ్లకి విధి కాదు కాబట్టి, రేపు ఇల్లు నడిపే సంపాదన చాలావరకు వాళ్లదే కాబట్టి. బయటికొచ్చేసిన కుర్రాళ్లు, ఇరవై ఏళ్లొచ్చాక అమెరికాలో పుట్టి ఇంగ్లిషులో ఉద్యోగం దరఖాస్తు నింపలేకపోయామని రాసుకున్నవి చదివాను. బయట స్కూళ్లతో సమానమైన చదువు ప్రైవేటు బళ్లూ చెప్పాలన్న చట్టాన్ని అమలుచేయడానికి 2022లో న్యూయార్క్ రాష్ట్రం నియమాలు తెచ్చింది, వాటిమీద గొడవ ఇంకా సాగుతూనే ఉంది. మత స్వేచ్ఛ అని తల్లిదండ్రులు, పిల్లల హక్కు అని పాత విద్యార్థులు.

నేను పాత విద్యార్థుల పక్షం. దానికి బయటి న్యాయం అక్కర్లేదు, వాళ్ల తల్మూద్‌లోనే కిద్దుషీన్ అనే భాగం, 29వ పత్రం చాలు. కొడుక్కి తండ్రి చేయాల్సిన పనుల జాబితా ఉంది అక్కడ: సున్నతి, తోరా నేర్పడం, పెళ్లి చేయడం, ఒక చేతిపని నేర్పడం, ఈత కూడా అని కొందరు. చేతిపని నేర్పనివాడు దొంగతనం నేర్పినట్టే అని రబ్బీ యెహూదా. జాబితాలో ఒకటి పట్టుకుని ఇంకొకటి వదిలేసే అధికారం తండ్రికి ఎవరిచ్చారు? ఇంట్లో తండ్రి ఎంత గట్టిగా పాటిస్తే పిల్లాడి మీద పట్టు అంత పెరుగుతుంది, ఆ పట్టుతో పిల్లాడికి ఈత నేర్పొచ్చు, నీళ్లదాకా పోనివ్వకుండా కూడా చేయొచ్చు. నా పార్కింగ్ లాట్ తండ్రి కనీసం ఆ రెండో పని చేయలేడు, అంత పట్టు వాడికి లేదు కనక. ఇది రాస్తుంటే నా వాదం మీద నాకే కొంచెం జంకు పుడుతోంది, అయినా వదలను.

ప్రశ్నలడగమంటారు గానీ

మా వాట్సాప్ మేధావులకి బాగా నచ్చే ఇంకో మాట, యూదులు పిల్లలకి ప్రశ్నించడం నేర్పుతారని. ఇది మాత్రం ఉత్తిది కాదు. ఐగుప్తు బానిసత్వం నుంచి తమవాళ్లు విడుదలైన కథ చెప్పుకునే పస్కా పండగ రాత్రి మమ్మల్ని భోజనానికి పిలిచారు. బల్ల దగ్గర అందరికన్నా చిన్నది, వాళ్ల ఎనిమిదేళ్ల పాప, లేచి నిలబడి ఈ రాత్రికి మిగతా రాత్రులకీ తేడా ఏమిటి అని పాడింది. ఆ ప్రశ్న పడితేనే కథ మొదలవుతుంది. పిల్లలు లేకపోతే భార్య అడగాలి, ఒంటరిగా ఉంటే తన్ను తానే అడుక్కోవాలి, ఇద్దరు మహా పండితులే కూర్చున్నా ఒకరినొకరు అడగాల్సిందేనట. పులియని రొట్టె ముక్క ఒకటి దాచేస్తారు, పిల్లలు వెతికి పట్టుకుని బేరం పెడతారు, అది తిరిగి రానిదే భోజనం ముగియదు. పాప ఇరవై డాలర్లు అడిగింది, తాతగారు అయిదు అన్నారు, పన్నెండు దగ్గర తెగింది. రాత్రి పదకొండయినా ఒక్క పిల్ల నిద్రపోలేదు. మా ఇంట్లో వ్రతం కథ మూడో అధ్యాయానికే పిల్లలు సోఫాల మీద ఒరిగిపోతారు.

అయితే ఆ రాత్రి బల్ల దగ్గర చదివే హగ్గదా అనే పుస్తకంలోనే నలుగురు కొడుకులున్నారు. తెలివైనవాడు, దుష్టుడు, అమాయకుడు, అడగడమే తెలియనివాడు. దుష్టుడు చేసిన నేరమేంటి? మీరు చేసే ఈ సేవ ఏమిటి అని అడిగాడు, మనం అనకుండా మీరు అన్నాడు. వాడి పళ్లు మొద్దుబార్చు అని జవాబు, నువ్వు అక్కడ ఉండుంటే నిన్ను విడిపించేవాళ్లు కాదని. అంటే ప్రశ్న అడగొచ్చు, లోపల నిలబడి అడగాలి. బయట నిలబడి అడిగితే ఇదీ మర్యాద. దీన్ని చూసి ప్రశ్నించే స్వేచ్ఛ అని మురిసిపోయేవాళ్లు ఈ పేజీ తిప్పలేదన్నమాట. మావాడు ఆ భాగం దగ్గర ఆగి, దుష్టుణ్ణి కూడా బల్ల దగ్గర కూర్చోబెట్టారుగా నాన్నా అన్నాడు. తాతగారు విని, అర్థం చెప్పమని నన్నడిగి, వాడి వంక చాలాసేపు చూశారు. మిగతా ముగ్గురికీ ప్రశ్నలున్నాయి, నాలుగోవాడికి లేదు, వాడికోసం నువ్వే నోరు తెరువు అని తండ్రికే చెప్పారు. ఆ వాక్యం దగ్గర నేను తల దించుకుని రొట్టె తిన్నాను.

చేబ్రోలు బస్సు

పొన్నూరు నుంచి గుంటూరు కాలేజీకి మూడేళ్లు బస్సులో తిరిగాను. చేబ్రోలు స్టాపులో జామకాయలు కొనుక్కోవడం తప్ప దిగింది లేదు. ఆ పక్కనే కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారని, 1991లోనే సినగాగ్ కట్టుకున్నారని, అమెరికా వచ్చాక, అదీ తాతగారు మీ ఊరెక్కడ అని గూగుల్ మ్యాపులో వెతుకుతూ చెబితే తెలిసింది. బెనె ఎఫ్రాయిమ్ అంటారు, కొన్ని పదుల కుటుంబాలు. మాదిగ పల్లె, తరాలుగా క్రైస్తవం, మా పూర్వీకులు పాత ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రం వాళ్లు అని చెప్పుకుని శనివారం విశ్రాంతి దినం పాటించడం మొదలుపెట్టారు. ఇజ్రాయెల్ ప్రభుత్వం ఇంతవరకూ గుర్తించలేదు. ఆ గోత్రం నిజమా కాదా అన్నది నాకు ముఖ్యం కాదు, ఊరి బయట పెట్టినవాళ్లు తమకంటూ ఓ చరిత్ర ఎంచుకుంటే ఊళ్లో పుట్టిన నేను రుజువులు అడగడం బాగోదు కూడా.

నన్ను కదిలించింది వేరే. అక్కడ ముందుతరం పంతులు లేడు. చాలా ఇళ్లల్లో తండ్రికీ హీబ్రూ రాదు, కొడుకుకీ రాదు. కూలి పని చేసుకొచ్చిన మనిషి, పిల్లలు ఏ అక్షరాల దగ్గర ఉన్నారో అవే అక్షరాల దగ్గర మొదలుపెట్టాలి. దింపేసి కాస్ట్‌కోకి వెళ్లే వీల్లేదు.

కలకత్తాలో ఇందుకు పూర్తిగా ఎదురు. బాగ్దాదు నుంచి వచ్చిన యూదులు 1881లో జ్యూయిష్ గర్ల్స్ స్కూల్ పెట్టారు, మంచి పేరున్న బడి, ఇప్పటికీ నడుస్తోంది. చదువుకునే పిల్లల్లో ఎక్కువమంది ముస్లిం అమ్మాయిలు. బడి పెట్టిన ఆ యూదులు దాదాపు అందరూ ఇజ్రాయెల్‌కీ, లండన్‌కీ, ఇంకా ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు. ఆ ఆడపిల్లలు చదువుకుంటున్నారు, చాలా సంతోషం. మతం మాత్రం భవనంలో మిగల్లేదు.

మొన్న ఆదివారం బాలవిహార్ దగ్గర కారు దిగి లోపలికి వెళ్లాను. టీచరుగారు, ఆవిడా మనలాంటి ఉద్యోగస్తురాలే, ఏదైనా సమస్యా అండీ అని కంగారుపడ్డారు. లేదండీ, కూర్చుంటాను అన్నాను. పిల్లల కుర్చీ, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. మావాడు గంటన్నరసేపూ నన్ను ఎరగనట్టే ఉన్నాడు. శ్లోకంలో రెండో పాదం నేను ఇన్నాళ్లూ తప్పు చదువుతున్నానని అక్కడ తెలిసింది. వచ్చేవారం వెళ్తానో లేదో చెప్పలేను, టాయిలెట్ పేపరు అయిపోవస్తోంది.

అన్నయ్యా, నువ్వు అడిగినదానికి ఇదీ నాకు తెలిసింది. పక్కింటబ్బాయి అన్నట్టే సెప్టెంబరులో హీబ్రూ స్కూలు మానేశాడు, ఫుట్‌బాల్లో చేరాడు. అయినా గోడలోంచి పాట మళ్లీ మొదలైంది. ఈసారి గొంతు ఆవిడది. చిన్నప్పుడు సరిగ్గా నేర్చుకోలేదని సినగాగ్‌లో పెద్దవాళ్ల క్లాసులో చేరిందట, వసంతకాలంలో తన వంతు. రాత్రి తొమ్మిదింటికి, గిన్నెల మెషీన్ వేశాక కూర్చుంటుంది. నాలుగో పదం దగ్గర ప్రతిసారీ ఆగిపోతుంది. నిన్న అక్కడ ఆగిపోగానే మేడమీది గదిలోంచి వాడు, అలా కాదమ్మా, చివర్న పైకి వెళ్లాలి అని అరిచి, ఆ ముక్క పాడాడు. ఆవిడ మళ్లీ మొదట్నుంచి ఎత్తుకుంది.